పాత అంబాసిడర్ రిస్టోరేషన్: మొదట చెప్పిన రేటు సగం పనికే ఎందుకు అయిపోతుంది?

క్లుప్తంగా: పాత కారు రిస్టోరేషన్‌లో ఎక్కువ డబ్బు ఇంజనుకో, పెయింటుకో కాదు, తుప్పు పట్టిన రేకు మీద మనుషులు పనిచేసే రోజులకు పోతుంది. ఆ రోజులు ఎన్నో కారు విప్పేదాకా ఎవరికీ తెలియదు కాబట్టి మొదటి కొటేషన్ ఎప్పుడూ సగం ఊహే. కారు ఏ మోడల్, దానికి సామాను ఇంకా దొరుకుతోందా లేదా అన్నది రెండో పెద్ద లెక్క. పెట్టిన డబ్బు అమ్మితే తిరిగి రావడం అరుదు, అద్దెకు తిప్పి రాబట్టుకుందామంటే వింటేజ్ రిజిస్ట్రేషన్ రూల్స్ ఒప్పుకోవు.

తాతగారి అంబాసిడరో, నాన్నగారి ఫియట్టో ఇరవై ఏళ్ళుగా షెడ్డులో దుమ్ము కొట్టుకుని ఉంటుంది. ఫోన్లో ఒక రిస్టోరేషన్ వీడియో చూస్తారు, పది నిమిషాల్లో తుప్పు డొక్కు కాస్తా షోరూమ్ బండి అయిపోతుంది. మరుసటి రోజు నాలుగు చోట్ల వాకబు చేస్తే ఒకరు రెండు లక్షలంటారు, ఇంకొకరు పది లక్షలంటారు, మూడో ఆయన "విప్పి చూడకుండా చెప్పలేనండీ" అంటాడు. అందరూ మోసగాళ్ళే అన్న నిర్ణయానికి వచ్చేయడం తేలికే కానీ, ముగ్గురూ నిజాయితీగానే చెప్పి ఉండొచ్చు. ఎందుకంటే ముగ్గురూ చెప్పింది ఒకే పని గురించి కాదు.

ఒకే పేరు, మూడు పనులు

రిస్టోరేషన్ అన్న మాట కింద మూడు వేర్వేరు పనులు నడుస్తున్నాయి. బండిని మళ్ళీ రోడ్డెక్కించడం మొదటిది: కార్బురేటర్ శుభ్రం చేయడం, బ్రేకులు, క్లచ్, ట్యాంకు, టైర్లు, బ్యాటరీ. పైపై మెరుగులు రెండోది: డెంట్లు తీసి, పుట్టీ పెట్టి, పెయింటు కొట్టి, సీట్లకి కొత్త రెక్సిన్ కుట్టించడం. ఇక మూడోది పూర్తి రిస్టోరేషన్. ఇందులో కారుని చివరి బోల్టు దాకా విప్పి, రేకుని ఇనుము కనిపించేదాకా గీకి, చెడిపోయిన ప్రతి భాగాన్నీ మార్చడమో, తయారు చేయించడమో చేసి మళ్ళీ బిగిస్తారు.

రెండో పనికి మూడో పని పేరు పెట్టి అమ్మడం వల్లే గొడవలన్నీ వస్తాయి. డెలివరీ రోజు రెండింటికీ తేడా కనపడదు, ఫొటోల్లో అసలే కనపడదు. రెండు వానాకాలాలు గడిచాక తలుపు కింది అంచున పెయింటు బుడగలు లేస్తాయి, అప్పుడు తెలుస్తుంది కింద తుప్పు అలాగే ఉందని.

డబ్బు తినేది రేకు

అంబాసిడర్‌కి లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. ఇంగ్లండ్ మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో ఉత్తరపారాలో దీన్ని మొదలుపెట్టింది, 2014 మే దాకా తయారు చేసింది. మొదటి నుంచీ దీనిది మోనోకాక్ బాడీ, అంటే బాడీయే ఛాసిస్. బరువు మోసేది నేల రేకు, తలుపుల కింద పొడుగ్గా సాగే డబ్బా లాంటి సిల్స్, వాటిని కలిపే అడ్డ పట్టీలు. అక్కడ తుప్పు పట్టిందంటే అందం పోవడమొక్కటే కాదు, కారు నడుమే వంగిపోతుంది. స్టాండర్డ్ హెరాల్డ్ లాంటి కారుకి ఛాసిస్ విడిగా ఉంటుంది, బోల్టులు తీస్తే బాడీ పైకి లేచి వస్తుంది, కాబట్టి పని చేయాల్సిన చోటు కళ్ళెదుట ఉంటుంది. అంబాసిడర్లో ఆ సుఖం లేదు.

సిల్ లోపల బోలుగా ఉంటుంది. వాననీళ్ళు, బురద, తలుపు బీడింగు నుంచి కారిన తడి అక్కడ చేరి లోపలి నుంచి బయటికి తింటూ వస్తాయి. బయటికి పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఎప్పుడో ఎవరో రంధ్రం మీద రేకు ముక్క అతికించి, దాని మీద పుట్టీ దట్టించి, రంగు పూసి ఉంటారు. యాభై ఏళ్ళ బండిలో ఇలాంటి పొరలు రెండు మూడు ఉండటం మామూలే. చిన్న అయస్కాంతాన్ని పల్చని గుడ్డలో చుట్టి తలుపు కింది భాగం, చక్రాల పైన ఉండే ఆర్చ్, డిక్కీ నేల మీద ఆనిస్తూ పోతే కొంత బయటపడుతుంది. రేకు ఉన్నచోట లాగి పట్టుకుంటుంది, పుట్టీ మందంగా ఉన్నచోట జారిపోతుంది. అయినా సిల్ లోపలి గోడ సంగతి మాత్రం కోస్తే తప్ప తెలియదు.

కోశాక ఏం జరుగుతుందో చూస్తే లెక్క అర్థమవుతుంది. ముందు తలుపు చట్రాల మధ్య ఇనుప పైపులు అడ్డంగా వెల్డింగ్ చేసి షెల్, అంటే బాడీ డొల్ల, కదలకుండా బిగించాలి. అది చేయకుండా సిల్ కోసేస్తే బాడీ ఓ నాలుగైదు మిల్లీమీటర్లు కుంగుతుంది, తర్వాత ఏ తలుపూ సరిగ్గా పడదు. తర్వాత కుళ్ళిన రేకుని మంచి ఇనుము దొరికేదాకా కోసుకుంటూ వెళ్ళాలి, ఇది ఎప్పుడూ అనుకున్న చోట ఆగదు. రెడీమేడ్ ప్యానెల్ దొరక్కపోతే రేకు కొని, అట్టముక్కతో నమూనా తీసి, వంచి, కొట్టి, అంచులు మడిచి తయారు చేయాలి. వెల్డింగ్ వేడికి పల్చటి రేకు మెలికలు తిరుగుతుంది కాబట్టి ఓ చుక్క ఇక్కడ, ఓ చుక్క అక్కడ పెట్టుకుంటూ చల్లారనిస్తూ పోవాలి. గీతలా ఒకేసారి లాగేస్తే ఆ వంకరని మళ్ళీ పుట్టీతోనే కప్పాల్సి వస్తుంది, అంటే మొదటికే వచ్చినట్టు. ఒక వైపు సిల్ సరిగ్గా చేయడానికి మంచి టింకరింగ్ మేస్త్రికి, హెల్పర్‌కి వారం దాటినా ఆశ్చర్యం లేదు.

బండి ఎక్కడ పెరిగిందన్నది కూడా ఇక్కడే లెక్కలోకొస్తుంది. విశాఖ, కాకినాడ, చెన్నై లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో ఆరుబయట నిలబడ్డ కారుకీ, అనంతపురం లాంటి పొడి నేల మీద పైకప్పు కింద ఉన్న కారుకీ రేకు పనిలో ఎన్నో రెట్లు తేడా రావచ్చు. ఇంజను జామైనా సరే, పొడి ఊరి బండి కొనుక్కోవడమే లాభం.

పెయింటు, క్రోమ్

పెయింటు బిల్లులో రంగు డబ్బా వాటా చిన్నది. పాత పెయింటు పూర్తిగా తీయడం, వెంటనే ఎపాక్సీ ప్రైమర్ వేయడం, అవసరమైన చోట మాత్రం పల్చగా పుట్టీ, దాని మీద సర్ఫేసర్, చెక్క దిమ్మకి ఉప్పు కాగితం చుట్టి ఒక్కో ప్యానెల్ రుద్దడం, మళ్ళీ ప్రైమర్, మళ్ళీ రుద్దడం. అంబాసిడర్ బానెట్, మడ్‌గార్డులు గుండ్రంగా ఉంటాయి, చదును రేకు కంటే వీటిమీద వంకర ఎక్కువ కనిపిస్తుంది. నల్లరంగు ఎంచుకుంటే చెప్పనే అక్కర్లేదు, అరచేతికి తెలియని గుంట కూడా ఎండలో కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ముదురు రంగుకి మేస్త్రి రేటు ఎక్కువ అడిగితే దానికి కారణం ఉంది.

క్రోమ్ సంగతి వేరు. ఇనుప బంపర్‌ని పాలిష్ చేసి, రాగి, నికెల్, క్రోమ్ పూతలు వేయడం తెలిసిన పనే. తలుపు హ్యాండిళ్ళు, లైటు రింగుల్లాంటి చిన్న సామాను చాలావరకు జింకు మిశ్రమంతో పోత పోసినవి. వాటి మీద పొక్కులు లేస్తే ఒక్కో గుంటనీ తవ్వి, రాగితో నింపి, నునుపు చేసి అప్పుడు పూత వేయాలి, పొరపాటున యాసిడ్‌లో ఎక్కువసేపు ఉంచితే వస్తువే కరిగిపోతుంది. అందుకే చాలా షాపులు "కొత్తది దొరికితే కొనేయండి" అని చెప్పి తప్పుకుంటాయి.

ఇంజను గురించి అనవసరపు భయం

కారు కొనేటప్పుడు అందరూ భయపడేది ఇంజనుకి. ఇక్కడి లెక్కలో అది ఊరటనిచ్చే భాగం. అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజను ఇంగ్లండ్ బీఎంసీ బి-సిరీస్ కుటుంబానికి చెందింది, అదే సైజులో అదే కుటుంబం ఇంజనుని ఎంజీఏ స్పోర్ట్స్ కారులోనూ వాడారు. సిలిండర్ బోర్ చేసి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయడం, క్రాంక్ గ్రైండ్ చేసి అండర్‌సైజ్ బేరింగులు వేయడం, హెడ్ ఫేసింగ్, వాల్వులు కూర్చోబెట్టడం, ఇవన్నీ ట్రాక్టర్లూ లారీలూ బాగుచేసే ఏ లేత్ షాపుకైనా రోజువారీ పనులే. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఈ పనులకి చేయి తిరిగిన వాళ్ళకి కరువు లేదు. పైగా పనికి హద్దు ఉంటుంది. సిలిండర్ అరుగుదల మైక్రోమీటర్‌తో కొలిచి, ఇంత అని ముందే చెప్పేయొచ్చు. రేకు విషయంలో ఆ వీలు లేదు.

పాతరోజుల్లో లేని రెండు ఖర్చులు మాత్రం ఇప్పుడు ఇంజను పద్దులో చేరాయి. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. పాత ఇంజన్లలో వాల్వు కూర్చునే చోటుని అరగకుండా కాపాడింది ఆ సీసమే, కాబట్టి హెడ్ విప్పినప్పుడే గట్టి లోహపు వాల్వు సీట్లు వేయించుకోవడం మంచిది. రెండోది ఈ20. 2025 నుంచి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే మామూలు పెట్రోల్ అయింది. పాత రబ్బరు పైపులు, ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్, కార్క్ గ్యాస్కెట్లు ఇథనాల్‌ని తట్టుకునేలా చేసినవి కావు. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది కూడా. నెలకోసారి బయటికి తీసే బండిలో ఆ తేమ ట్యాంకు అడుగున చేరి తుప్పు మొదలుపెడుతుంది. రిస్టోరేషన్‌లో పైపులు మార్చేటప్పుడు ఇథనాల్‌ని తట్టుకునే రకం వేశారో లేదో అడిగి తెలుసుకోవాలి, ఖర్చు తేడా చిన్నదే, వేయకపోతే ఇంజను గదిలో పెట్రోల్ కారుతుంది.

సామాను దొరికే కారు, దొరకని కారు

ఇంగ్లండ్‌లో ఎంజీబీ కారు తుప్పు పట్టిపోతే 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ కొత్త బాడీ షెల్లే తయారు చేసి అమ్ముతోంది. పాత షెల్‌కి నెలల తరబడి మాట్లు వేసే బదులు మొత్తం కొత్తది కొనుక్కోవచ్చు, ధర ఎంతైనా అది ముందే తెలిసిన ధర. జపాన్‌లో మాజ్డా తన తొలితరం ఎంఎక్స్-5 కోసం 2017లో రిస్టోరేషన్ కార్యక్రమం ప్రకటించి, పాత సామానుని మళ్ళీ తయారు చేయించింది. అంబాసిడర్‌కి ఇలాంటిదేమీ లేదు, కంపెనీ తయారీ ఆపేసింది, బ్రాండ్ పేరు 2017లో 80 కోట్లకి ప్యూజో వాళ్ళ చేతికి వెళ్ళింది.

మరి ఇన్నాళ్ళూ అంబాసిడర్‌కీ, పద్మినికీ (ఫియట్ కారునే ప్రీమియర్ కంపెనీ ఆ పేరుతో అమ్మింది) సామాను చవగ్గా దొరికింది ఎలా? ట్యాక్సీల వల్ల. ముంబైలో వేల పద్మినీలు, కోల్‌కతాలో వేల అంబాసిడర్లు రోజంతా తిరుగుతూ అరుగుతూ ఉంటే వాటికి బీడింగులు, బ్రేకు కిట్లు, లైటు అద్దాలు చేసే చిన్న తయారీదారులకి గిరాకీ ఉండేది. ముంబైలో చివరి పద్మిని ట్యాక్సీ 2023 అక్టోబర్ 30న రోడ్డు దిగింది. కోల్‌కతాలో 15 ఏళ్ళ వయోపరిమితితో పసుపు అంబాసిడర్లు ఏటికేడు తగ్గిపోతున్నాయి. ట్యాక్సీలు తుక్కుకి వెళ్ళే దశలో పాత సామాను మార్కెట్లోకి కుప్పలుగా వస్తుంది, ధర పడిపోతుంది. ఆ కుప్ప అయిపోయాక కొత్తగా చేసేవాడు ఉండడు. ఇప్పుడు చవగ్గా దొరుకుతున్న డోర్లు, మడ్‌గార్డులు చూసి పదేళ్ళ తర్వాత కూడా ఇలాగే దొరుకుతాయని అనుకోవడం పొరపాటు లెక్క.

అంబాసిడర్లలోనూ తేడా ఉంది. తొలి మోడళ్ళైన మార్క్ 1, మార్క్ 2 బళ్ళకి గ్రిల్లు వేరు, డ్యాష్‌బోర్డు వేరు. రోడ్డెక్కితే చాలనుకుంటే తర్వాతి మోడల్ సామానుతో సర్దుకోవచ్చు, అసలు రూపమే కావాలంటే ఒక్క గ్రిల్లు కోసం నెలలు వెతకాలి. ఇక 1940లు, 50ల నాటి డాడ్జ్, స్టూడిబేకర్ లాంటి అమెరికన్ కారు అయితే ప్రతి బీడింగూ బయటి దేశం నుంచి తెప్పించడమే. వస్తువు ధర మీద షిప్పింగ్, కస్టమ్స్ సుంకం, ఆ పైన జీఎస్టీ. వంద డాలర్ల రబ్బరు చేతికి వచ్చేసరికి ఎంతవుతుందో ఆర్డర్ పెట్టే ముందే లెక్క వేసుకోవాలి.

రోజుల లెక్క

ఒక ఉజ్జాయింపు ఉదాహరణ వేసుకుందాం. అంకెలు ఊహించినవే, షెడ్డుని బట్టి మారతాయి. విప్పడం, బిగించడం కలిపి 50 పనిదినాలు, రేకు పని 120, పెయింటు 40, ఇంజను, గేర్‌బాక్సు, బ్రేకులు 25, వైరింగ్ 10, సీట్లు, లోపలి పని 15. ఒక మనిషి ఒక రోజు చేసే పనిని ఒక పనిదినం అనుకుంటే మొత్తం 260. షెడ్డు అద్దె, కరెంటు, యజమాని లాభం అన్నీ కలుపుకుని పనిదినానికి 2,000 రూపాయలు పట్టినా 5 లక్షల 20 వేలు. దాని మీద 18 శాతం జీఎస్టీ దాదాపు 94 వేలు. లేత్ పని, క్రోమ్, అద్దాలు, టైర్లు, సామాను ఇందులో ఇంకా కలపలేదు. ఇప్పుడు తుప్పు అనుకున్న దానికంటే సగం ఎక్కువ ఉందనుకోండి, 120 కాస్తా 180 అవుతుంది, కూలీ ఒక్కటే 1 లక్షా 20 వేలు పెరుగుతుంది. మేస్త్రి మోసం చేయకుండానే బిల్లు ఇలా పెరుగుతుంది.

ఇవే 260 రోజులు రోజుకి 8 గంటల చొప్పున 2,080 గంటలు. అమెరికాలో గంటకి 100 డాలర్లు పట్టే షాపు అనుకుంటే కూలీయే 2 లక్షల 8 వేల డాలర్లు. జాగ్వార్ కంపెనీ తన పాత ఈ-టైప్ కార్లని తానే పునర్నిర్మించి 2017లో అమ్మకానికి పెట్టినప్పుడు ధర 2,85,000 పౌండ్ల దగ్గర మొదలైందంటే కారణం ఈ గంటలే. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళకి ఇండియాలో రిస్టోరేషన్ కారుచౌకగా కనిపించడమూ ఇందుకే.

కూలీ చవకే కానీ ఇక్కడ ఇంకో చిక్కుంది. మామూలు బాడీ షాపుకి రోజూ తిండి పెట్టేది ఇన్సూరెన్స్ పనులు. యాక్సిడెంట్ కారు వస్తుంది, బంపర్ మారుస్తారు, డోరు కొత్తది వేస్తారు, వారంలో బండి వెళ్ళిపోతుంది, డబ్బు వస్తుంది. పాత అంబాసిడర్ అదే చోట ఏడాది కూర్చుంటుంది. కాబట్టి ఆ చోటు అద్దెని కొటేషన్‌లో వేసుకోవాలి, లేదా బండిని వెనక మూలకి తోసేసి ఖాళీ దొరికినప్పుడు చేయాలి. తక్కువ రేటు చెప్పిన షెడ్డులో ఎక్కువగా జరిగేది రెండోది. ఆలస్యమైతే పోయేది టైమొక్కటే అనుకోవద్దు, ప్రైమర్ వేయకుండా వదిలేసిన రేకు ఒక్క వానాకాలంలో మళ్ళీ తుప్పెక్కుతుంది, విప్పి డబ్బాల్లో పడేసిన చిన్న సామాను కనపడకుండా పోతుంది, మధ్యలో మేస్త్రి మానేస్తే ఏది ఎక్కడ బిగించాలో తెలిసినవాడు ఉండడు.

అందుకే మొత్తానికి కలిపి ఒకే రేటు మాట్లాడుకోవడం ఇద్దరికీ నష్టమే. విప్పి, గీకి, ఫొటోలతో రిపోర్టు ఇవ్వడం వరకు ఒక రేటు. అది చూశాక రేకు పనికి రెండో కొటేషన్. ఆ తర్వాత పెయింటు, బిగింపు. అడ్వాన్స్ కూడా దశలవారీగానే ఇవ్వాలి. మొదటి దశ తర్వాత ఈ బండి వద్దు అనుకుని ఆగిపోయే అవకాశం కూడా మిగులుతుంది, ఒక్కోసారి తెలివైన నిర్ణయం అదే.

పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా

చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం నాటి 1912 రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ లాంటి కారు ప్రపంచంలో ఇంకోటి ఉండదు, అలాంటి వాటి మీద ఎంత పెట్టినా విలువ దాన్ని మించే ఉంటుంది. అంబాసిడర్, పద్మిని లక్షల్లో తయారయ్యాయి. పది లక్షలు పెట్టిన అంబాసిడర్‌కి మార్కెట్‌లో పోటీ రెండు లక్షల పైపూత అంబాసిడర్, ఫొటోల్లో రెండూ ఒకేలా ఉంటాయి. కొనేవాడు లోపలి సిల్స్‌కి డబ్బివ్వడు. కుటుంబం బండి అయితే ఈ లెక్కతో పనిలేదు, లాభం కోసమైతే లెక్క కుదరదు.

ఇన్సూరెన్స్‌లోనూ ఇదే ఇబ్బంది. ఐదేళ్ళు దాటిన వాహనానికి ఐడీవీని, అంటే ఇన్సూరెన్స్ కోసం బండికి కట్టే విలువని, కంపెనీ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. బిల్లులు, దశలవారీ ఫొటోలు లేకపోతే కంపెనీ ఇచ్చే విలువ తుక్కు ధరకి దగ్గర్లోనే ఉంటుంది.

కాగితాల ఖర్చు

ఆర్సీ గడువు ముగిసి ఏళ్ళైన బండి అయితే ముందు దాని సంగతి చూడాలి. 2025 ఆగస్టులో కేంద్రం సవరించిన ఫీజుల ప్రకారం 20 ఏళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి 10,000 రూపాయలు, ఆ పైన రాష్ట్రాన్ని బట్టి పాత బళ్ళ మీద వేసే గ్రీన్ ట్యాక్స్. ఆర్సీ ఇంకా చనిపోయిన పెద్దాయన పేరునే ఉంటే ఫారం 31తో వారసుల పేరుకి మార్చాలి, మిగతా వారసుల అంగీకారం లేక ఇక్కడే ఆగిపోయే బళ్ళు చాలా ఉంటాయి.

మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటితే 2021 జూలైలో వచ్చిన వింటేజ్ నిబంధనల దారి ఉంది. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000, రీ-రిజిస్ట్రేషన్‌కి 5,000, నంబరు ప్లేటులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అక్షరాలు, పదేళ్ళ చెల్లుబాటు. కానీ ఆ బండిని ర్యాలీలకి, ప్రదర్శనలకి, పెట్రోల్‌కి, మెయింటెనెన్స్‌కి తీసుకెళ్ళొచ్చు తప్ప రోజువారీ వాడకానికి గానీ వ్యాపారానికి గానీ తిప్పకూడదు. పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చి ఖర్చు రాబట్టుకుందామనే ఆలోచన ఈ దారిలో కుదరదు.

దీనికి ఇంకో షరతు ఉంది, రిస్టోరేషన్ మొదలుపెట్టే ముందే తెలుసుకోవాల్సింది అదే. వాహనం అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ఏసీ బాగా పనిచేయాలని, మైలేజీ రావాలని పాత ఇంజను తీసేసి వేరే కంపెనీ ఇంజను వేయిస్తే వింటేజ్ హోదా దొరకదు. మామూలు రిజిస్ట్రేషన్‌లోనే ఉంచుదామన్నా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది, ఆర్సీలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. కాబట్టి షెడ్డుకి అడ్వాన్స్ ఇచ్చే ముందే ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిపోతున్నాయో చూసుకుని ఫొటోలు తీసి పెట్టుకోవాలి, నంబరు కొట్టి ఉన్న చోట రేకు తుప్పు పట్టి ఉంటే ఆర్టీఏ ఆఫీసులో అడగకుండా దాన్ని కోయనివ్వకూడదు.